ఛాయాదేవిగారి గోత్రం

మా ఫ్రిస్కో గుడిలో చెప్పుల అరలు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఎడమచేతి వైపు ఒక చిన్న బల్ల ఉంటుంది. అర్చన చీటీలు రాసేది అక్కడే. ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా ఆ బల్ల వెనక ఛాయాదేవిగారు కూర్చుంటారు. పదకొండేళ్లుగా ఆ చోటు ఆవిడదే.

చీటీలో మూడు గళ్లు. పేరు ఎవరైనా రాసేస్తారు. నక్షత్రం దగ్గర కలం కాస్త ఆగుతుంది. గోత్రం దగ్గరికి వచ్చేసరికి తల పైకి లేస్తుంది.

"ఆంటీ, మా గోత్రం ఏంటి?"

పుట్టుకతో వచ్చిన గోత్రాన్ని పరాయి ఆవిడని అడగడమేమిటని మొదట్లో నేనూ నవ్వుకునేదాన్ని. కానీ అడిగిన వాళ్ళను చూసి ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు.

"నీది మార్కండేయ, నాయనా. పోయిన దసరాకి నీ కారుకి పూజ చేయించినప్పుడు రాశాంగా."

"అది కార్‌ది కదాంటీ?"

"కారుకి గోత్రం ఉంటుందట్రా! నీదే."

ఎవరికైనా గోత్రం తెలియకపోతే కాశ్యప అనేసి అర్చన కానిచ్చే వాడుక ఉంది. తప్పేమీ లేదు. ఛాయాదేవిగారికి మాత్రం మనసొప్పేది కాదు. "ఉన్న గోత్రం ఉండగా ఎరువు గోత్రం ఎందుకమ్మా? ఇప్పుడక్కడ రాత్రి ఎనిమిదిన్నర. మీ అమ్మ మేలుకునే ఉంటుంది, ఫోన్ కలుపు" అనేవారు. కలిపాక ఆ తల్లితో రెండు మాటలు మాట్లాడేవారు. పిల్ల సన్నబడలేదని, తింటోందని. అలా ఒక్కో గోత్రం వెనక ఒక్కో ఇల్లు ఆవిడకి తెలుసు. కాగితమేదీ లేదు, అంతా మనసులోనే. ఆవిడ భర్త వీరభద్రంగారు రిటైరై ఇంట్లోనే ఉంటారు. "మా ఆవిడకి నాలుగు వందల ఇళ్ల గోత్రాలు కంఠస్థం. నా బీపీ మాత్ర ఏ పూటో మాత్రం తెలీదు" అంటారు. అది అబద్ధం. మాత్ర డబ్బా మీద తెలుగులో "రాత్రి, తిన్నాక" అని ఆవిడ రాసిన చీటీ నేను చూశాను.

వారం రోజులూ ఆవిడది బడిలో ఉద్యోగం. పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డిస్తారు. తలకి వల కట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, ఒక్కొక్కరి పళ్లెంలోకి చూసి, "క్యారెట్ వదిలేశావు నిన్న కూడా" అని తెల్లపిల్లలకి తన ఇంగ్లీషులో చెబుతారట. వాళ్ళు మారుమాట్లాడకుండా తినేస్తారట. నాకు కారు నడపడం రాదు. గుడి వంటింట్లో ప్రసాదాల పని నాది కాబట్టి ప్రతి ఆదివారం ఆవిడే మా ఇంటి ముందు ఆగి ఎక్కించుకుంటారు. హారన్ కొట్టరు. నేను బయటికి వచ్చేదాకా స్తోత్రం చదువుకుంటూ కూర్చుంటారు. నన్ను వదినా అంటారు. చుట్టరికం ఏమీ లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా సమితి ఎన్నికల సంగతి. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ కలిపి ఒక కుటుంబ సమితి ఉంది. ఉగాది, బతుకమ్మ, పిల్లల పోటీలు అన్నీ అదే చేస్తుంది. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. ఓటు ఒక్కో పదవికి విడివిడిగా వేయాలి కానీ, నిలబడేవాళ్లు తొమ్మిదిమంది ఒక ప్యానెల్‌గా కట్టుకుని, సూట్లు వేసుకుని ఒకే ఫ్లయర్ మీదికి ఎక్కడం ఆనవాయితీ. మా సమితిలో ఇంకో పద్ధతి ఉంది. ఉపాధ్యక్షుడిగా గెలిచినవాళ్లు రెండేళ్లు తిరగ్గానే పోటీ లేకుండా అధ్యక్షులై మిగతా రెండేళ్లూ నడుపుతారు. అందుకే అధ్యక్షుడిగా నిలబడే మనిషి పక్కన ఎవరిని నిలబెట్టుకుంటాడన్నదే అందరూ చూసేది.

ఈసారి పక్క ఊరు ప్లేనోలో ఉండే మల్లికార్జునరావు నిలబడ్డాడు. పోయినసారీ నిలబడి కొద్దిలో ఓడిపోయాడు. అతను ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో జ్వరం వస్తే వారం రోజులు చారన్నం డబ్బాలు పంపింది ఛాయాదేవిగారే. అప్పటినుంచి అక్కా అంటాడు. పోయిన ఎన్నికల్లో ఆవిడ రోజూ బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అతనికి ఓట్లడుగుతూ ఫోన్ పట్టుకుని కూర్చునేవారు. ఓడిపోయిన మర్నాడు మధ్యాహ్నం అతను ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని, "ఇంకోసారి నిలబడితే నా పక్కన నువ్వేనక్కా" అన్నాడు. నేను అక్కడే అల్లం దంచుతున్నాను. విన్నాను.

ఆవిడకి ఆ పదవి ఎందుకంటే, మైకు కోసం కాదు. ఐదేళ్ల క్రితం సంహిత అని మాస్టర్స్ చదివే పిల్ల ప్లేనోలో ఆసుపత్రి పాలైంది. వరంగల్ పక్క పల్లెటూరు నుంచి వాళ్ల అమ్మ వచ్చింది. భాష రాదు, దారి తెలియదు, దిగడానికి చోటు లేదు. నలభై రోజులు ఛాయాదేవిగారింట్లోనే ఉంది. పొద్దున్నే దింపడం, సాయంత్రం తీసుకురావడం ఆవిడ పనే. పిల్ల బాగుపడింది. అప్పటినుంచి ఆవిడ ఒకటే మాట: సమితి తరఫున ఆసుపత్రికి దగ్గరలో ఒక గది ఉండాలి. పిల్లలకి ఆపద వస్తే పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులు ఆ గదిలో దిగాలి, పొయ్యి ఉండాలి, ఇంత అన్నం వండుకోవాలి. ముగ్గురు అధ్యక్షులకి చెప్పారు. ముగ్గురూ "వచ్చే మీటింగ్‌లో చూద్దామండీ" అన్నారు. అజెండాలో ఏముండాలో రాసేది అధ్యక్షుడే. ఆ రాసే చెయ్యి ఒక్కసారి తనది కావాలని ఆవిడ కోరిక. ఎవరితోనూ అనలేదు. నాతో అన్నారు, ఒకసారి, సిగ్నల్ దగ్గర.

నామినేషన్లకి ఆదివారం సాయంత్రం ఐదు గంటలు ఆఖరు. ఆ ముందు గురువారం సాయంత్రం మల్లికార్జునరావు ప్యానెల్ వాళ్లు ఫోన్లో మీటింగ్ పెట్టుకున్నారు. ఎప్పటిలాగే ఆ లింకు ఛాయాదేవిగారికీ వచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే ముందే చేరి, గొంతు వినబడకుండా మ్యూట్‌లో పెట్టుకుని, దొండకాయలు తరుగుతూ కూర్చున్నారు. ఆవిడ ఉన్నారని ఎవరూ చూసుకోలేదు. అక్కడ విన్నది శనివారం నన్ను కొట్టుకి తీసుకువెళుతూ చెప్పారు.

ఓట్ల లెక్క చూసే రాకేష్ అన్నాడట: "గా డాక్టర్ శ్యామ్‌సుందర్ సార్‌ని వైస్ ప్రెసిడెంట్ చేద్దాం అంకుల్. ఆయనొస్తే ప్లేనో సైడ్ డాక్టర్ల ఫ్యామిలీలన్నీ మన దిక్కు పడ్తయ్. ఛాయా ఆంటీ ఓట్లు ఎట్లైనా మనయే గదా. ఆంటీ యాడికి పోతది?"

దానికి మల్లికార్జునరావు, "అక్క ఏమీ అనుకోదులే. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడగదు" అన్నాడట.

"దొంగచాటుగా విన్నట్టయింది వదినా," అన్నారు ఛాయాదేవిగారు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని. "ఉన్నానని చెప్పాల్సింది. దొండకాయ చేతిలో అట్లాగే ఉండిపోయింది."

"బాధేసిందా?"

"ఏదీ అడగదు అన్నాడు చూశావా, అది పొగడ్తో, ఇంకోటో అర్థం కాలేదు."

అంతలో కారు స్పీకర్లో ఫోన్ మోగింది. ఫణి. అవతలి ప్యానెల్ అతను.

"ఛాయక్కా, ఫణిని. డ్రైవ్ చేస్తున్నారా?"

"ఆ. పక్కన వదిన ఉంది. స్పీకర్లో ఉన్నావు, చూసి మాట్లాడు."

"మంచిదే, సాక్షి ఉన్నట్టు. అక్కా, మా ప్యానెల్లో వైస్ ప్రెసిడెంట్ స్లాట్ ఖాళీగా ఉంచాను. మీ కోసమే. ఊ అనండి, ఫారం ఇప్పుడే ఈమెయిల్ చేస్తా."

"మీ ప్రెసిడెంటు ఎవరు?"

"నేనేనక్కా!"

"నువ్వా! నిన్నగాక మొన్న వచ్చినట్టుంది."

"పదమూడేళ్లయిందక్కా. మా పెద్దది మిడిల్ స్కూల్."

"అవునా నాయనా!"

"హాస్పిటల్ రూమ్ సంగతి కూడా నాకు తెలుసు. అది మా ఎజెండాలో ఫస్ట్ పాయింట్ పెడతా. మీరు అవునంటే చాలు."

ఎర్రలైటు పడింది. ఆవిడ బ్రేకు నొక్కారు. ఊ అనేయవమ్మా అని లోపల అనుకున్నాను, నా తప్పు ఒప్పుకుంటున్నాను. పచ్చలైటు వచ్చింది.

"ఫణీ, నువ్వు మంచివాడివే. గది సంగతి గుర్తుపెట్టుకున్నావు, నీ పిల్లలు చల్లగా ఉండాలి. కానీ పోయినసారి మల్లికార్జున తరఫున ఓట్లడిగి అతనితో పాటు ఓడిపోయినదాన్ని. ఇప్పుడు నీ పక్కకొచ్చి అతని మీద ఓట్లడగాలంటే నా నోటికి రాదు."

"ఆయన మీకు ఇవ్వట్లేదంట కదక్కా."

"అది నాకూ అతనికీ మధ్య మాట. మీ పాప దియకి దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం పట్టించమని చెప్పాను మీ ఆవిడకి."

ఫోన్ పెట్టేశాక నేను ఉండబట్టలేక, "కుర్చీ వస్తే గది వస్తుంది కదా" అన్నాను.

"వస్తుంది. మనిషిని వదిలేసి తెచ్చుకున్న గదిలో నాకు నిద్ర పడుతుందా?" అన్నారు. కొట్టులో చింతపండు పొట్లం ఒకటికి రెండుసార్లు వాసన చూసి, పాతదని వెనక్కి పెట్టేశారు. ఇంటికి చేరాక వీరభద్రంగారు సంచులు దింపుకుంటూ, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు కదమ్మా. అందుకే డాక్టరుని తెచ్చుకుంటున్నారు" అన్నారు. ఛాయాదేవిగారు నవ్వారు. నవ్వి, లోపలికి వెళ్లి దీపం పెట్టుకున్నారు.

ఆదివారం పదిన్నరకి మల్లికార్జునరావు ప్యానెల్ తొమ్మిదిమందితో గుడికి వచ్చాడు. ఫారాలు పంపే ముందు స్వామి ఎదుట పేర్లు చదివించుకోవడం అతని అలవాటు. మగవాళ్లు సూట్లలో, ఆడవాళ్లు పట్టుచీరల్లో. మల్లికార్జునరావు బల్లకి ఎడంగా, గోడ వారగా నడిచి లోపలికి వెళ్లాడు. ఛాయాదేవిగారు తల వంచి చీటీలు రాస్తున్నారు. నేను వంటింటి గుమ్మంలో పులిహోర గిన్నెతో నిలబడి ఉన్నాను.

పంతులుగారు సంకల్పం మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ గోత్రనామాలు చెప్పమన్నారు. రాకేష్ ఫోన్‌లో ముందే రాసుకొచ్చాడు. మల్లికార్జునరావుది భారద్వాజస, స్వాతి నక్షత్రం. తర్వాత డాక్టరు శ్యామ్‌సుందర్‌గారు. రాకేష్ ఫోన్‌లో అక్కడ ఖాళీ.

"సార్, మీది?"

పెద్దాయన, అరవై దాటాయి. మెడ చుట్టూ టై సర్దుకున్నారు. "మా అమ్మకి తెలుసు," అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "అమ్మ పోయి ఏడాదైంది" అన్నారు.

"ఫరవాలేదు బాబూ, కాశ్యప అనుకుందాం," అన్నారు పంతులుగారు.

మల్లికార్జునరావు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. "అక్కా..." అన్నాడు. అనేశాక, ఏ మనిషిని ఏ మనిషి గోత్రం అడుగుతున్నాడో అప్పుడు తోచినట్టుంది. మిగతా మాట మింగేశాడు.

అందరూ బల్ల వైపు చూశారు. ఆవిడ తెలియదంటే తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. అది అబద్ధమని స్వామికి తప్ప ఎవరికీ తెలియదు.

ఛాయాదేవిగారు కలం కింద పెట్టి లేచి నిలబడ్డారు. "కౌండిన్యస గోత్రం, ఉత్తరాభాద్ర నక్షత్రం, శ్యామ్‌సుందర్," అన్నారు. డాక్టరుగారి వైపు తిరిగి, "ముందటేడు కార్తీకంలో మీ అమ్మగారు వాకర్ పట్టుకుని వచ్చి మీ పేరున రాయించారండీ. 'మావాడికి తీరదమ్మా, వాడి బదులు నేనొచ్చాను' అన్నారు. నాలుగు సోమవారాలూ వచ్చారు" అన్నారు.

డాక్టరుగారు జేబురుమాలు తీసి, కళ్లజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

తొమ్మిది పేర్లూ అయ్యాయి. పంతులుగారు అక్షతలు చేతిలోకి తీసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "అమ్మా ఛాయాదేవిగారూ, మీది కూడా చెప్పండి. ఇన్నేళ్లలో మీ పేరు నేను చదివిన గుర్తు లేదు." ఆవిడ చెప్పకపోయేసరికి మల్లికార్జునరావు వైపు చూశారు. "మీ అక్కగారిది మీకు తెలుసా బాబూ?"

అతను రాకేష్ వైపు చూశాడు. రాకేష్ ఫోన్‌లో వెతికాడు. ఆ వరసలో ప్రతివాళ్ల గోత్రమూ ఆవిడకి తెలుసు. ఆవిడది ఒక్కళ్లకీ తెలియదు. నాకూ తెలియదు. పదకొండేళ్లు ఆవిడ కారులో తిరిగినదాన్ని.

"నాదెందుకులెండి పంతులుగారూ, వాళ్లది కానివ్వండి," అన్నారు ఛాయాదేవిగారు. అది ఆవిడకి ఊపిరిలాంటి మాట. కానీ అన్నాక కూర్చోలేదు. అలాగే నిలబడి, "లేదు, చెబుతాను. ఆత్రేయస గోత్రం. పునర్వసు నక్షత్రం. ఛాయాదేవి" అన్నారు. పంతులుగారు చదివారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

అర్చన అయ్యాక అందరూ పక్క హాల్లోకి ప్రసాదానికి వచ్చారు. కాగితపు పళ్లేల్లో నేను పులిహోర పెడుతున్నాను, ఛాయాదేవిగారు దద్ధోజనం. మల్లికార్జునరావు వంతు వచ్చింది. పళ్లెం వైపే చూస్తూ, "అక్కా, ఐదింటికి నామినేషన్లు వేసేస్తాం. రేపటినుంచి ఫోన్లు మొదలుపెట్టాలి. లిస్ట్ రాకేష్ పంపిస్తాడు" అన్నాడు.

ఆవిడ గరిటె దద్ధోజనంలోనే ఉండిపోయింది.

"మల్లికార్జునా, నీ పక్కన నిలబడే చోటు నాకు కావాలి."

గట్టిగా అనలేదు. వంటింట్లో ఉప్పు అందుకోమన్నట్టే అన్నారు. వరసలో వెనకున్న ముగ్గురికీ వినబడింది. డాక్టరుగారికి కూడా.

"నువ్వు... నువ్వు ఎప్పుడూ ఏదిచ్చినా వద్దంటావు కదక్కా. స్టేజి మీదికి పిలిస్తే రావు. పోయిన ఉగాదికి సన్మానం చేస్తామంటే పారిపోయావు."

"వద్దన్నది శాలువా, నాయనా. ఆ శాలువాలు ఏం చేసుకోను, ఈ ఎండల్లో? ఇది అడుగుతున్నాను. పీట మీద కూర్చుని నువ్వే అన్నావు, నేను మర్చిపోలేదు. గురువారం మీ మాటలు నేనూ విన్నాను, లైన్లోనే ఉన్నాను. చెప్పకపోవడం నా తప్పే. నువ్వు ఎవరిని నిలబెట్టుకున్నా నా ఓటు నీదే. కానీ అడక్కుండా ఉండి, రేపు లోపల కుమిలిపోవడం నావల్ల కాదు. అందుకని అడిగేశాను."

రాకేష్ ముఖం ఎర్రబడింది. "ఆంటీ, నేను... అట్ల కాదు..."

"నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది? నేనెక్కడికీ పోను. తిను, చల్లారిపోతోంది."

నేను ఇక ఊరుకోలేకపోయాను. "ఫణి నిన్ననే అడిగాడు. కాదంది," అనేశాను. ఛాయాదేవిగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఆ మాట ఎందుకు వదినా ఇప్పుడు? బేరం పెట్టినట్టుంటుంది" అన్నారు.

మల్లికార్జునరావు పళ్లెం బల్ల మీద పెట్టాడు. తర్వాత డాక్టరుగారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. "సార్, తప్పు నాది. ఆ చోటు ఎప్పుడో మాటిచ్చేశాను. ఇచ్చిన సంగతి మర్చిపోవడం నాకు తేలికైంది, అంతే. మీరు ఏమనుకున్నా సరే, ఆ చోటు అక్కది."

"మరి నాతో వేరే ఎవరూ అడగట్లేదని చెప్పారే," అన్నారు డాక్టరుగారు.

"నిజమే సార్. అడగట్లేదు. ఇందాకటి దాకా."

డాక్టరుగారు ఛాయాదేవిగారి ముందుకి వచ్చి పళ్లెం చాచారు. "మా అమ్మకి కార్తీకంలో ప్రసాదం మీరే పెట్టారా?"

"దద్ధోజనమే ఇష్టం అన్నారండీ. రెండోసారి కూడా అడిగారు."

"నాక్కూడా కొంచెం ఎక్కువ పెట్టండి," అన్నారాయన.

సాయంత్రం లోపల ఫారం మార్చడం పెద్ద పని కాలేదు. ఫ్లయరే కష్టమైంది. ఆవిడ ఒక్కరి ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఉన్న ఒక్కటీ బడి వాళ్లు తీసింది, తలకి వలతో. చివరికి రాకేషే గుడి నోటీసు బోర్డు ముందు ఆవిడని నిలబెట్టి తీశాడు. ఎనిమిదిమంది సూట్లూ పట్టుచీరల మధ్య, కొంగు నడుముకి దోపుకుని, భుజం మీద పసుపు మరకతో ఛాయాదేవిగారు. "ఎడిట్ చేసి తీసేస్తా ఆంటీ" అన్నాడు. "ఉండనీరా, అది పులిహోరది" అన్నారావిడ.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుండేది. కానీ జరిగింది చెప్పాలి కదా. రాకేష్ లెక్క తప్పలేదు. డాక్టరుగారు తన ఓటు మల్లికార్జునరావుకే వేశారు గానీ ఆయన స్నేహితులు చాలామంది మనసు విరిచేసుకున్నారు. ఫలితాలు వచ్చిన శనివారం చూస్తే, అధ్యక్షుడిగా ఫణి పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. ఉపాధ్యక్ష పదవిలో మాత్రం ఛాయాదేవిగారికి రెండు వైపుల ఓట్లూ పడ్డాయి. మల్లికార్జునరావు ప్యానెల్ మొత్తంలో గెలిచింది ఆవిడా, కోశాధికారీ.

ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు గుడి నుంచి తిన్నగా ప్లేనో తీసుకువెళ్లారు నన్ను కూడా. మల్లికార్జునరావు గరాజ్ ముందు మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు.

"నేను రాజీనామా చేస్తాను మల్లీ," అన్నారు కారు దిగకముందే. "నావల్లే ఓడిపోయావు. నువ్వు లేని చోట నేను ఎట్లా కూర్చుంటాను?"

అతను నీళ్లగొట్టం ఆపాడు. "అక్కా, పోయినసారి ఓడినప్పుడు నువ్వేమన్నావు? ఓడితే ఓడావు, లేచి అన్నం తిను అన్నావు. నేను తిన్నాను. నువ్వు తిన్నావా ఇవాళ?"

ఆవిడ సీటుబెల్టు విప్పుకున్నారు.

"తినలేదు. ముందు లోపలికి రా. రాజీనామా చేస్తే ఆ గది ఎవడు రాస్తాడు అజెండాలో? నా పేరు చెప్పి సంహిత వాళ్ల అమ్మలాంటి వాళ్లని రోడ్డు మీద ఉంచుతావా? నాకెందుకొచ్చిన పాపం?" అన్నాడు. నాకు ఆ అబ్బాయి మీద అప్పటిదాకా ఉన్న కొద్ది కోపమూ అక్కడే పోయింది. ముగ్గురం ముద్దపప్పూ ఆవకాయా తిన్నాం.

కొత్త కార్యవర్గం ప్రమాణం మా గుడిలోనే జరిగింది. ఆ పూట చీటీల బల్ల దగ్గర డాక్టరు శ్యామ్‌సుందర్‌గారు కూర్చున్నారు. ఆయనే అడిగి కూర్చున్నారు. ఆయనకి ఒక్క గోత్రమూ తెలియదు కాబట్టి వరస గుమ్మం దాకా పెరిగింది. అయినా ఎవరినీ కాశ్యపలో వేయలేదు. ఒక్కొక్కళ్ల చేతా అమ్మలకి ఫోన్లు చేయిస్తున్నారు.

పంతులుగారు సంకల్పం చెప్పి, ఫణి వైపు చూశారు. ఫణి ఛాయాదేవిగారి వైపు చూశాడు. "శ్రీవత్సస," అని ఆవిడ మెల్లిగా అందించారు. తర్వాత ఆవిడ వంతు. ఆవిడ నోరు తెరిచేలోపలే వెనక వరసలోంచి ఒక గొంతు గట్టిగా వినబడింది.

"ఆత్రేయస గోత్రం! పుష్యమి నక్షత్రం! ఛాయాదేవి!"

అందరూ తిరిగి చూశారు. మల్లికార్జునరావు, బడిలో పాఠం ఒప్పజెప్పిన కుర్రాడిలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఛాయాదేవిగారు వెనక్కి తిరగలేదు. "పునర్వసు," అన్నారు.

"అదే, అదే. రెండూ పక్కపక్కనే కదక్కా."

పంతులుగారు నవ్వి పునర్వసు అనే చదివారు. ఆవిడ అక్షతలు కళ్లకద్దుకుని, ఇంకో రెండు గింజలు తీసి పళ్లెంలో వేశారు. "పంతులుగారూ, ఇంకొక్క పేరు," అన్నారు. "భారద్వాజస గోత్రం, స్వాతి నక్షత్రం."

ఎవరి పేరో పంతులుగారు అడగలేదు.